గుట్టకు పోయే రోజు

మా దొంకేశ్వర్ వైపు గుట్టకు పోయే రోజును పసుపు నిర్ణయిస్తుంది. పంచాంగం ఆ తర్వాతే చూస్తారు. పసుపు నేలలో ఉంటే ఒక లెక్క, కల్లంలో ఉంటే ఒక లెక్క, నిజామాబాదు గంజ్‌లో అమ్ముడుపోయాక మరో లెక్క. ఆర్మూరు సిద్ధులగుట్ట ఎక్కి దిగడానికి ఒక పూట చాలు. ఆ పూట దొరకడానికి మా తాతలు ఏడాదిలో తొమ్మిది నెలలు ఆగేవారు.

ఇది రాయడానికి కారణం చిన్నదే. మా తమ్ముని కొడుకు, వాని దోస్తులు ఈ చలికాలం సిద్ధులగుట్టకు పోదామనుకున్నారు. "పొద్దుగాల పోయి మాపటికి రావాలె, ప్లాను నువ్వే వెయ్యి పెద్దనాయినా" అన్నారు. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాగితం కలం దొరికితే ఊరుకుంటానా. ఏ నెలలో పోవాలె, ఏ దారిన ఎక్కాలె, ఏం తినాలె, ఎన్ని నీళ్లు మోయాలె అని రాసుకుంటూ పోతే, ప్రతి ప్రశ్నకూ మా కంటే ముందు ఎవరో ఒకరు జవాబు చెప్పుకుని ఉన్నారని తేలింది. ఒకరు మొక్కు కోసం, ఒకరు తపస్సు కోసం, ఒకరు భూమిని కొలవడం కోసం ఎక్కారు. ఊరికే చూసొద్దామని గుట్ట ఎక్కేవాళ్లు మా ప్రాంతంలో కొత్తగా పుట్టుకొచ్చిన జాతి.

మొదట నెల సంగతి. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడితే పసుపు విత్తనం పెడతారు. దాంట్లోనే మక్క వేస్తారు. మక్క దసరా నాటికి చేతికొచ్చి ఖర్చులకు ఆదుకుంటుంది. పసుపు మాత్రం కదలదు. మా ఆర్మూరు రకం దీర్ఘకాలపు పంట, ఎనిమిది తొమ్మిది నెలలు మట్టిలోనే ఉంటుంది. కలుపు, ఎరువు, తడి, మళ్లీ కలుపు. సంక్రాంతి దాటాక ఆకు కోసి తవ్వకం మొదలుపెడితే, ఇక ఊళ్లో మనిషి మనిషితో మాట్లాడే తీరిక ఉండదు.

తవ్వినంత మాత్రాన అయిపోదు. నా చిన్నప్పుడు చేను పక్కనే పొడుగాటి పొయ్యి తవ్వి, దాని మీద పెద్ద ఇనుప కడాయి ఎక్కించేవారు. కొమ్ములు, గోళ వేరు చేసి, పచ్చి పసుపు కడాయి నిండా పోసి, మునిగే దాకా నీళ్లు పోసి, పైన పసుపు ఆకే మందంగా కప్పి, ఆకు మీద గోనెపట్టా పరిచేవారు. మంట పట్టిన కొంతసేపటికి ఆకు సందుల్లోంచి నురగ పొంగుతుంది. తెల్లటి ఆవిరి లేస్తుంది. ఆ ఘాటు వాసన గాలి ఎటుంటే అటు వాడలోకి పాకేది. అప్పుడు మా తాత ఒక కొమ్మును తీసి, తడిగుడ్డలో పట్టుకుని, పుల్లతో గుచ్చేవాడు. పుల్ల మెత్తగా దిగితే సరే. దిగకపోతే ఇంకో మోపెడు కట్టె. తక్కువ ఉడికితే ఎండటానికి రోజులు పడుతుంది, ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. ఆ పుల్ల ఎప్పుడు గుచ్చాలన్నది ఆయన ఎవరికీ నేర్పలేదు, పక్కన కూర్చున్నవాళ్లే నేర్చుకున్నారు. ఇప్పుడు ట్రాక్టరు వెనుక ఆవిరి బాయిలర్ వచ్చి ఆ పని గంటల్లో చేసిపోతుంది. అందులో నాకేం బాధ లేదు, పొయ్యి ముందు కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లను చూసినవాణ్ణి.

ఉడికిన పసుపు పది పదిహేను రోజులు కల్లంలో ఎండాలి. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే ఒక క్వింటాలు మిగులుతుంది. ఆ పదిహేను రోజుల్లో మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ కల్లం మీదే. ఆ తర్వాత డ్రమ్ములో వేసి పొట్టు పోయేలా తిప్పడం, సంచులకెత్తడం, ఎడ్లబండ్ల మీద నిజామాబాదు గంజ్‌కు తోలుకపోవడం. అక్కడ కొమ్ముకు ఒక ధర, గోళకు ఒక ధర. ధర కుదరకపోతే, లారీలు వచ్చిన కాలంలో మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోయినవాళ్లున్నారు. ఆ ధర గొడవ ఎంత దూరం పోయిందో దేశమంతా చూసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదులో మొత్తం 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒకటి రెండు యంత్రాల్లో పేర్లు పట్టక, ఎన్నికల సంఘం ప్రత్యేకంగా ఏర్పాట్లు చేసుకోవలసి వచ్చింది. రైతులు అడుగుతూ వచ్చిన జాతీయ పసుపు బోర్డు చివరికి 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాదు కేంద్రంగా మొదలైంది.

మళ్లీ గుట్ట దగ్గరికి వస్తాను. పసుపు అమ్మి చేతిలో డబ్బు పడేసరికి ఫాల్గుణం, ఒక్కోసారి చైత్రం. మొక్కులు అప్పుడే తీర్చాలి, ఎందుకంటే డబ్బు మళ్లీ మృగశిర దాకా నిలవదు. అంటే మా పెద్దలు గుట్ట ఎక్కింది ఎండ మండే రోజుల్లో. బండరాయి పది గంటలకల్లా కాలు పెట్టనియ్యదు. అందుకే వాళ్ల ప్లానంతా రాత్రి మీద నడిచేది. బువ్వ తిని, మాపటేళ చల్లబడ్డాక బండి కడతారు. నందిపేట మీదుగా రాత్రంతా ప్రయాణం. ఎడ్లకు దారి తెలుసు, మనుషులు బండిలో గడ్డి మీద పడి నిద్రపోతారు. కోడి కూసే వేళకు గుట్ట కింద దిగి, స్నానాలు చేసి, తొలిపొద్దుకు పైన ఉండాలి. ఎండ ముదిరే లోపల కిందికొచ్చి చెట్ల నీడన పొయ్యిలు వెలిగించాలి. సాయంత్రం ఆర్మూరు బజారులో బెల్లమో బట్టో కొనుక్కుని, మళ్లీ రాత్రి బండి. పగలంతా ఒక్క రోజే, దానికి రెండు వైపులా రెండు రాత్రులు.

మా పెద్దవ్వకు ఇప్పుడు తొంభై దాటింది. గుట్ట ఎక్కేటప్పుడు ఏం తీసుకుపోయేవారని అడిగితే ముందు నన్ను కోప్పడింది. "తినేటందుకు పోతార్రా గుట్టకు? దిగేదాంక ఒక్కపొద్దే." కాసేపాగి తనే చెప్పింది. పిల్లలకు మాత్రం జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, చింతకాయ తొక్కు మూట కట్టేవారట. కింద పొయ్యి మీద బెల్లమన్నం వండి దేవునికి చూపించి తినేవారట. "పైన కోనేట్ల నీళ్లుండె, మోసుడు లేకుండె" అన్నది. ఆ ముక్క రాసుకున్నాను.

ఇక దారి సంగతి. దొంకేశ్వర్ ఎక్కడుందో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. నిజామాబాదు జిల్లాకు ఉత్తరపు కొస, శ్రీరామసాగర్ వెనుక నీళ్ల ఒడ్డు. మొన్నటిదాకా నందిపేట మండలంలో గ్రామం, 2022లో మండలమైంది. మాకు దక్షిణంగా ఆర్మూరు, ఉత్తరంగా గోదావరి, దాని అవతల నిర్మల్ వైపు కొండల వరుస. సహ్యాద్రి శాఖ అనీ సాత్మల కొండలనీ పిలిచే ఆ వరుస పాత ఆదిలాబాదు జిల్లాను వాయవ్యం నుంచి ఆగ్నేయం దాకా కోసుకుంటూ పోతుంది. నిర్మల్ నుంచి ఆదిలాబాదు పోయే పాత దారిలో మహబూబ్ ఘాట్ ఎక్కినవాళ్లకు ఆ ఎత్తు ఏమిటో తెలుసు. ఆరో నిజాం పేరు మోస్తున్న కనుమ అది.

1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు దగ్గర ఈ శ్రీరామసాగర్‌కు పునాదిరాయి వేశాడు. ఆ ఆనకట్ట నిండాక మా భూగోళమే మారిపోయింది. మాకు వాగులు దాటి గోదావరి రేవుకు పోయే బండ్ల బాటలుండేవి, వాటి మీద ఇప్పుడు నీళ్లున్నాయి. ఊళ్లకు ఊళ్లు లేచి మెరక మీదికి వచ్చాయి. జలాశయం నిండితే నీటిమట్టం 1091 అడుగులు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే పాత గోడల పునాదులు, బావుల అంచులు తేలతాయి, ఆ పచ్చిక మీద కృష్ణజింకలు మేస్తాయి. మా పెద్దలకు సిద్ధులగుట్ట మీంచి ఉత్తరంగా కనిపించినది చెట్ల మధ్య సన్నని గోదావరి. ఇవాళ కనిపించేది సముద్రమంత నీళ్లు. ఒక్క తరంలో గుట్ట మీది చూపు ఇంతగా మారిన చోటు తెలంగాణలో ఇంకెక్కడుందో నాకు తోచదు.

ఆర్మూరు మాత్రం ఎప్పుడూ దారుల మీదే బతికింది. హైదరాబాదు నుంచి బాల్కొండ, నిర్మల్ మీదుగా నాగపూరు పోయే దారి ఈ గుట్ట పక్కనుంచే. అదే మొన్నటి 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. నిజామాబాదు నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి దాన్ని ఇక్కడే కోస్తుంది. 2017లో పెద్దపల్లి రైలుమార్గం నిజామాబాదు దాకా పూర్తయింది, ఆర్మూరుకు స్టేషను వచ్చింది. బాటసారికి దూరం నుంచే గుర్తుగా కనిపించే గుట్ట పక్కన ఊరు పెరగడంలో వింత లేదు. గుట్ట కోసం ఊరు వచ్చిందా, దారి కోసం వచ్చిందా అని పిల్లలు అడిగితే, నీళ్ల కోసం వచ్చి ఉంటుందని చెప్తాను.

సిద్ధులగుట్టను దగ్గరగా చూడనివాళ్లు దాన్ని మట్టి కొండ అనుకుంటారు. అది రాళ్ల పోగు. తెలంగాణ పీఠభూమి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపలే పగుళ్లు బారిన ఆ రాయి అంచులను నీళ్లు, ఎండ, వేళ్లు కలిసి అరగదీశాయి. మధ్యలోని మెత్తని మట్టి కొట్టుకుపోయి గుండ్లు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయేమో అన్నట్టు నిలబడ్డాయి. మనిషి చెయ్యి పడకుండా దొర్లిన గుండు మాత్రం నేనెరుగను. ఆ గుండ్ల సందుల్లో గుహలు ఏర్పడ్డాయి. గుహలు ఏర్పడ్డాయి కనుక సిద్ధులు వచ్చారు.

నవనాథ సిద్ధేశ్వరుడు వెలసింది అలాంటి రాతి సందులోనే. తొమ్మిదిమంది సిద్ధులు ఇక్కడ తపస్సు చేశారని స్థలపురాణం. మత్స్యేంద్రుడు, గోరక్షుడు మొదలైన నాథుల సంప్రదాయం ఉత్తరాది నుంచి మహారాష్ట్ర మీదుగా ఇటు శ్రీశైలం దాకా పాకిన మాట చరిత్ర. తెలుగులో ఆ నాథుల కథలు పదిహేనో శతాబ్దంలోనే ద్విపదలోకి వచ్చాయి. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠం కోరిక మీద గౌరన 'నవనాథ చరిత్రము' రాశాడు. కొండగుహ, మూలికలు, రసవాదం, ఊరికి దూరం, దారికి దగ్గర, ఇవీ నాథులకు కావలసినవి. ఆర్మూరు గుట్ట ఆ కొలతకు సరిగ్గా సరిపోతుంది. నాందేడు, ధర్మాబాదు మనకు పక్కనే. మరాఠీ మాట్లాడే భక్తులు ఇవాళ్టికీ ఇక్కడికి వస్తారు. పాత యోగులు నడిచిన దారి అటువైపుదేనని నా ఊహ, అంతకు మించి పట్టుబట్టను.

గుహలోకి పోయేటప్పుడు ఒక చోట వంగాలి. ఎంత పెద్దమనిషైనా అక్కడ వంగక తప్పదు. లావుపాటి షావుకార్లు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, దండం పెట్టుకుంటూ జారడం చూడాలి. నెత్తి మీద కొన్ని వేల టన్నుల రాయి ఉంటుంది. చేయి పెడితే ఆ రాయి చల్లగా, నున్నగా తగులుతుంది. భుజాలు రాసుకుని రాసుకుని మనిషి భుజమెత్తున ఆ గోడ నల్లగా మెరుస్తుంటుంది. శాసనాలు వెతికేవాళ్లు అక్షరాలు చూస్తారు. నా మటుకు నాకు ఈ గుట్ట మీద అన్నిటికంటే పెద్ద శాసనం ఆ మెరుపే. ఎంతమంది పోతే రాయి అంత నునుపు తేలాలి?

గుట్ట మీద ఇప్పుడు రామాలయం ఉంది, శివాలయం ఉంది, ఇంకా కొత్త గుడులు చాలా ఉన్నాయి. మెట్లదారి ఉంది, బండ్లకు ఘాట్ రోడ్డు ఉంది. సోమవారాలు, పండుగలు వస్తే ఆ రోడ్డు మీద ఆటోలు వరుస కడతాయి. ఘాట్ రోడ్డు వచ్చాక ముసలివాళ్లు, కాళ్లు లేనివాళ్లు కూడా దేవుణ్ణి చూడగలుగుతున్నారు, కాబట్టి దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కాళ్లున్న పాతికేళ్లవాడు కూడా బైకు మీద పోతే మాత్రం నాకు నవ్వొస్తుంది.

మొక్కుకూ తపస్సుకూ కాకుండా మన వైపు గుట్టలు ఎక్కినవాళ్లలో సర్వేవాళ్లు ముఖ్యులు. ఇంగ్లీషు దొర విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన భూమి కొలత, కన్యాకుమారి దగ్గర నుంచి హిమాలయాల వైపు 78వ రేఖాంశం వెంట నడిచింది. 1815లో బీదరు దగ్గర ఆధార రేఖ కొలిచారు. అక్కడి నుంచి మన జిల్లాకు పడమటి పక్కగా గోదావరి దాటి వరాడు (బేరారు) వైపు సాగింది. దీనికి కావలసినవి ఒకదానికొకటి కనిపించే ఎత్తైన చోట్లు. ఒక గుట్ట మీద జెండా, ఇంకో గుట్ట మీద అరటన్ను బరువున్న థియోడొలైటు. అంత బరువును గుట్ట పైకి మోసింది ఎవరు? కూలీలు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

సర్వేవాళ్ల ప్లాను మన ప్లానుకు పూర్తిగా తలకిందులు. ఎండాకాలం దుమ్ము, ఆవిరి, మసక. ఇరవై మైళ్ల అవతలి జెండా కనిపించదు. వానలు పడి గాలి కడుక్కున్నాక దూరపు గుట్ట అంచు కూడా చెక్కినట్టు కనిపిస్తుంది. కనుక సర్వేవాళ్లు వానాకాలంలోనే ఎక్కేవారు. కళ్లకు మంచి కాలం ఒంటికి చెడ్డ కాలం. 1819లో లాంబ్టన్ తన కింది అధికారి జార్జ్ ఎవరెస్టును హైదరాబాదు నుంచి కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపాడు. వాన తగ్గే వేళకు అడవి జ్వరం దండు మొత్తాన్ని పడేసింది. హైదరాబాదు నుంచి ఏనుగులు, డోలీలు పంపి వాళ్లను మోసుకురావలసి వచ్చింది. కొందరు దారిలోనే పోయారు. ఎవరెస్టు బతికి, ఒళ్లు బాగుచేసుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికా కేప్ దాకా పోయాడు. లాంబ్టన్ 1823 జనవరిలో వార్ధా దగ్గరి హింగన్‌ఘాట్‌లో, కొలత సగంలో ఉండగా కన్నుమూశాడు.

ఆ దండులోనే హెన్రీ వాయిసీ అనే వైద్యుడుండేవాడు, రాళ్ల శాస్త్రం ఆయన రెండో చదువు. ఆయన మన ఆర్మూరుకు తూర్పున ఉన్న కోనసముద్రం పోయి అక్కడి కమ్మరులు ఉక్కు వండే తీరు రాసిపెట్టాడు. మట్టి మూసలో ఇనుము పెట్టి, మూత కప్పి, కొలిమిలో గంటల తరబడి కాచి తీసిన ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఆ పల్లె దాకా వచ్చి కూర్చునేవారు. డమాస్కసు కత్తులని లోకం పిలిచినవాటిలో ఈ ఉక్కు ఉంది. కోనసముద్రం రాత 1832లో అచ్చయింది, అప్పటికి వాయిసీ లేడు. పసుపు రాకముందే కాదు, పసుపు ఉండగానే ఇంకో సరుకు మన మండలాల పేరును సముద్రాలు దాటించిందని మా పిల్లలకు బడిలో చెప్పేవాణ్ణి. పాఠ్యపుస్తకంలో లేదు సార్ అనేవారు.

తెలంగాణ జ్వరం నుంచి తప్పించుకున్న ఆ ఎవరెస్టు తర్వాత సర్వేయర్ జనరలయ్యాడు. ఆయన ఉద్యోగం మానుకుని వెళ్లాక, రాధానాథ్ సిక్దర్ లెక్కల్లో 29,002 అడుగులుగా తేలిన శిఖరానికి 1865లో ఆయన పేరు పెట్టారు. 2014 మే 25న ఆ శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ మన జిల్లా పిల్ల. సిరికొండ వైపు పాకాల ఆమె ఊరు, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. కొండ తాడు మొదట పట్టుకున్నది భువనగిరి కోట బండ మీద, శేఖర్ బాబు బాచినేపల్లి శిక్షణలో. ఆ తర్వాత డార్జిలింగు, లడాఖు. నేపాలు వైపు వయసు నిబంధన అడ్డొచ్చి, టిబెట్టు వైపు నుంచి, కష్టమైన ఉత్తరపు గట్టు మీదుగా ఎక్కారు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలి ఎక్కడంతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఆమెకు పూర్తయ్యాయి. భువనగిరిదీ మన సిద్ధులగుట్టదీ ఒకే జాతి రాయి. మన రాయి మీద నేర్చిన కాలే అక్కడ నిలబడింది. ఈ మాట మా తమ్ముని కొడుకుకు చెప్తే, "అయితే మనమూ తాడు తీస్కపోదామా పెద్దనాయినా" అన్నాడు. నీళ్లు తీస్కపో చాలు అన్నాను.

ప్లాను చివరికి ఇలా తేలింది. నెల మార్గశిరం. మక్క ఇంటికొచ్చి ఉంటుంది, పసుపు తవ్వకం మొదలుకాదు, బండ కాలదు, వానకాలపు తేమ పోయి మెట్ల మీద పాకుడు ఎండుతుంది. కార్తీకంలో పోవచ్చు గాని అప్పుడు జనం ఎక్కువ. కార్తీక పున్నానికి భీమ్‌గల్ లింబాద్రిగుట్ట రథోత్సవం కూడా ఉంటుంది, దానికి వేరే రోజు పెట్టుకోవాలి. సోమవారం వద్దు. తెల్లవారుజామున ఐదింటికి దొంకేశ్వర్‌లో బయల్దేరితే వెలుతురు వచ్చేసరికి మెట్ల కింద ఉంటాం. ఎక్కడం మెట్లదారిన, దిగడం ఘాట్ రోడ్డున. మోకాళ్లు నొచ్చేది దిగేటప్పుడే, అందుకని దిగడానికి వాలు తక్కువున్న దారి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎందుకంటే పెద్దవ్వ కాలపు కోనేటి నీళ్లు ఇప్పుడు తాగే నీళ్లు కావు. సంచిలో తిండి కనిపించకుండా కట్టాలి, కోతులు మనకంటే హుషారు. ఒక్కపొద్దు ఉండలేనివాళ్లకు రొట్టెలు, తొక్కు, బెల్లం ముక్క. చెప్పులు గుహ ముందు విడవాలి గనుక లేసుల బూట్లు వద్దు, పట్టీ చెప్పులే మేలు. బండల మీద సెల్ఫీల కోసం ఎక్కడం లేదు, ఈ షరతు ఒప్పుకోని వాడు ఇంట్లోనే ఉండొచ్చు.

పైన గంటసేపు ఊరికే కూర్చోవడం కూడా ప్లానులో రాశాను. పిల్లలు దాన్ని కొట్టేయబోయారు. ఆ గంటలో చూడవలసినవి చాలా ఉన్నాయి. ఉత్తరంగా జలాశయం, అదృష్టముండి గాలి కడిగినట్టుంటే దాని అవతల నిర్మల్ కొండల నీలి గీత. కింద రహదారి మీద నాగపూరు లారీలు. చుట్టూ పసుపు చేలు, అప్పుడు ఆకు ఎండుముఖం పట్టి మడి మడికీ రంగు మారుతుంటుంది. పక్కన ఎర్రజొన్న పచ్చగా లేస్తుంటుంది. రోడ్డు పక్కన విత్తనాల గోదాములు, దుబాయి డబ్బుతో లేచిన డాబాలు. ఒక్క చూపులో జిల్లా ఆర్థికశాస్త్రం మొత్తం పరిచి ఉంటుంది. దిగాక అంకాపూర్‌లో దేశీ కోడికూర. ఒక్కపొద్దు నియమం అక్కడితో ముగుస్తుందని పెద్దవ్వ దగ్గర ముందే అనుమతి తీసుకున్నాం. "దిగినంక మీ ఇష్టం" అన్నది.

ఒక్క సంగతి ప్లానులో రాయలేకపోయాను. మా వైపు గుట్టల సంఖ్య తగ్గుతోంది. దేవుడున్న గుట్టకు భయం లేదు, సిద్ధులున్నారు. దేవుడు లేని గుట్టలు కంకరవుతున్నాయి. బడికి పోయే దారిలో నేను పిల్లలకు చూపించిన గుండ్లలో కొన్ని ఇప్పుడు ఏదో రోడ్డు కింద ఉన్నాయి. రోడ్లు కావాలి, ఇళ్లు కావాలి, రాయి తియ్యకుండా కట్టలేమని నాకూ తెలుసు. ఏ రాయి తియ్యాలో ఏది ఉంచాలో అడిగే మనిషి ఉండాలి కదా. హైదరాబాదులో 1996 నుంచి రాళ్లను కాపాడే సంఘం ఒకటి పనిచేస్తోంది, అక్కడ కొన్ని గుండ్లకు వారసత్వ సంపదగా రక్షణ దొరికింది. మన దగ్గర అలాంటి సంఘం కొత్తగా పెట్టనక్కరలేదు. మన ప్రతి ఊళ్లో గ్రామాభివృద్ధి కమిటీ ఉంది, ఊళ్లో చీమ కదలాలన్నా దాని మాట కావాలి. బడి గోడకూ గుడి గోపురానికీ తీర్మానాలు రాసే ఆ కమిటీలు, వచ్చే ఉగాది లోపల, తమ శివారులో ఉన్న గుట్టల పేర్లు ఒక కాగితం మీద రాసి, వీటిని కొట్టడానికి ఎవరికీ ఒప్పుకోమని సంతకాలు పెట్టి, ఒక ప్రతి తహసీల్దారుకు ఇవ్వాలని కోరుతున్నాను. దొంకేశ్వర్‌లో ఆ కాగితం రాసే పని నేనే తీసుకుంటాను. మిగతా ఊళ్లలో మీరు చూడండి.